టోగాఫ్, జాక్‌మన్, కోబిట్: వ్యాపార లక్ష్యానికి టెక్నాలజీని నిజంగా జతచేసేది ఏది?

మూడు_విభాగాలు

మా సంస్థ యంత్రాలను అమ్ముతుంది, అద్దెకు ఇస్తుంది, రెండు రకాల వాటికీ సర్వీసు చేస్తుంది. ఒక్కో పనికి ఒక్కో విభాగం ఉంది, ఒక్కో విభాగానికి దాని సొంత సిస్టమ్ ఉంది. ఈ ఏడాది యాజమాన్యం పెట్టుకున్న ప్రధాన లక్ష్యం ఒక్కటే: సర్వీసు ఒప్పందం గడువు తీరిన కస్టమర్లలో ఎక్కువమంది దాన్ని మళ్లీ తీసుకోవాలి. అందుకు తగినట్టు సంస్థ సమాచార నిర్మాణాన్ని సరిచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఒక సలహాదారు సంస్థ సమాచార నిర్మాణాన్ని దశలవారీగా రూపొందించే టోగాఫ్ పద్ధతిని మొదటినుంచి చివరిదాకా అమలు చేద్దామన్నారు, మరొకరు జాక్‌మన్ పట్టికలోని గడులు నింపితే చాలన్నారు, మా ఆర్థిక విభాగాధిపతి ఐటీ పాలనకు వాడే కోబిట్ పేరు ఎత్తారు. మూడింటి గురించీ చదివాను. చదివిన కొద్దీ అన్నీ ఒకే మాట చెబుతున్నట్టూ అనిపిస్తోంది, దేని దారి దానిదే అన్నట్టూ అనిపిస్తోంది. ఆరు నెలలు కష్టపడి గీసిన పటాలను ఎవరూ తెరిచి చూడకపోవడం గత ఉద్యోగంలో చూశాను, మళ్లీ ఆ స్థితి రాకూడదు. వీటిని చేతులారా వాడినవారు, ఏది ఎక్కడ ఉపయోగపడిందో, ఏది ఎక్కడ ఆగిపోయిందో చెప్పండి.

గడులూ_గీతలూ

మీకు అయోమయంగా ఉండడంలో వింత లేదు, ఎందుకంటే ఈ మూడింటినీ ఒకే త్రాసులో తూచలేం. జాన్ జాక్‌మన్ 1987లో ఐబీఎం పత్రికలో తన పట్టికను ప్రచురించినప్పుడు అందులో ఏమిటి, ఎలా, ఎక్కడ అనే మూడు నిలువు వరుసలే ఉన్నాయి. 1992లో జాన్ సోవాతో కలిసి ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనేవి చేర్చారు. అడ్డ వరుసలు చూసేవారి దృష్టిని బట్టి ఉంటాయి: ఒకే విషయం యజమానికి ఒక రకంగా, రూపకర్తకు మరో రకంగా, కట్టేవారికి ఇంకో రకంగా కనబడుతుంది. అంటే అది వర్గీకరణ. ఏ గడిని ముందు నింపాలో, నింపాక ఏం చేయాలో అది చెప్పదు, చెబుతానని జాక్‌మన్ అనలేదు కూడా.

అయినా నేను దాన్ని పక్కన పెట్టను. 'ఎందుకు' అనే నిలువు వరుసను మా సంస్థలో పైనుంచి కిందికి చదివినప్పుడు, పై రెండు గడుల్లో వ్యాపార లక్ష్యాలు నిండుగా ఉండి, కింది గడులు పూర్తిగా ఖాళీగా కనిపించాయి. యాజమాన్యం కోరుకున్నదానికీ ప్రోగ్రామర్లు రాస్తున్నదానికీ మధ్య తెగిపోయిన చోటును అంత సూటిగా చూపించిన పటం నాకు ఇంకొకటి తారసపడలేదు.

దశ_దిశ

టోగాఫ్‌తో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను కాబట్టి దాని తరఫున నాలుగు మాటలు చెబుతాను. అమెరికా రక్షణ శాఖ తయారుచేసిన టాఫిమ్ అనే చట్రం ఆధారంగా 1995లో దీని మొదటి కూర్పు వచ్చింది, ఇప్పుడు దీన్ని ది ఓపెన్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ నడుపుతోంది. దాని గుండెకాయ ఏడీఎం, అంటే ఆర్కిటెక్చర్‌ను అంచెలంచెలుగా తయారుచేసే పద్ధతి. ప్రాథమిక సన్నాహం తరువాత 'ఏ' (A) నుంచి 'హెచ్' (H) దాకా ఎనిమిది దశలు ఒక చక్రంలా సాగుతాయి, మధ్యలో అవసరాల నిర్వహణ ప్రతి దశకూ అనుసంధానమై ఉంటుంది. 'ఏ' దశలో దృష్టి, బీలో వ్యాపారం, సీలో డేటా, అప్లికేషన్లు, డీలో టెక్నాలజీ, ఆపైన ఎఫ్‌లో వలస ప్రణాళిక (పాత స్థితి నుంచి కొత్తదానికి మారే ప్రణాళిక), జీలో అమలు పర్యవేక్షణ, హెచ్‌లో మార్పుల నిర్వహణ వస్తాయి.

మొదటినుంచి చివరిదాకా అంతా చేయాలని ఆ ప్రమాణం ఎక్కడా పట్టుబట్టదు. మీ సంస్థకు తగ్గట్టు కుదించుకోమని అదే చెబుతుంది. 2022లో వచ్చిన పదో కూర్పులో మూల భాగాన్నీ, సందర్భాన్ని బట్టి వాడుకునే మార్గదర్శకాలనూ విడదీసింది అందుకే. అన్ని పత్రాలూ తయారుచేయమని చెప్పే సలహాదారు ప్రమాణాన్ని సగమే చదివినట్టు లెక్క.

కడవరకు_కోడ్

కుదించుకోమని ప్రతి ప్రమాణమూ చెబుతుంది, కానీ ఏది వదిలేయవచ్చో తెలియాలంటే ముందు మొత్తం నేర్చుకోవాలి. ఆ నేర్చుకోవడంలోనే ఒక సంవత్సరం గడిచిపోతుంది. నేను ప్రోగ్రామర్ల వైపు నుంచి మాట్లాడుతున్నాను: మా చేతికి వచ్చిన ఆర్కిటెక్చర్ పత్రాల్లో చాలావాటిలో అప్పటికే తీసేసిన సిస్టమ్‌లు ఉండేవి, మేము రోజూ వాడేవి ఉండేవి కావు.

దశ_దిశ

పటాన్ని ఎవరు, ఎప్పుడు సవరించాలో నిర్ణయించని యాజమాన్యం లోపమది, దాన్ని పద్ధతి మీద వేయడం న్యాయం కాదు. హెచ్ దశ ఉన్నదే అందుకు.

కడవరకు_కోడ్

దశ ఉన్న మాట నిజమే. ఏడో దశ దాటి ఎనిమిదో దశకు చేరిన ప్రాజెక్టును ఈ వేదికలో ఎంతమంది చూశారో తెలుసుకోవాలని ఉంది.

పాత_మెయిన్‌ఫ్రేమ్

నేను ఒకసారి చూశాను. అయితే నా సూచన ఈ రెండింటికన్నా పాతది.

1970ల నుంచి ఐబీఎం ప్రచారంలో పెట్టిన బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్ అనే పద్ధతి ఒకటి ఉంది. వ్యాపారంలో జరిగే పనులను అడ్డ వరుసలుగా, ఆ పనులకు కావలసిన సమాచార వర్గాలను నిలువు వరుసలుగా రాసి, ఏ పని ఏ సమాచారాన్ని పుట్టిస్తుందో, ఏది వాడుకుంటుందో గడుల్లో గుర్తు పెడతారు. తరువాత వరుసలను అటూ ఇటూ జరిపి, ఒకే సమాచారం చుట్టూ తిరిగే పనులను ఒకచోటికి చేరుస్తారు. అలా ఏర్పడిన గుంపులే సిస్టమ్‌ల హద్దులు. విభాగాల పేర్లను బట్టి హద్దులు గీయకూడదనీ, విభాగాలు మారినా సమాచారం అంత త్వరగా మారదనీ ఆ పద్ధతి నమ్ముతుంది. స్టీవెన్ స్పీవాక్ 1992లో రూపొందించిన ప్రణాళికా విధానంలోనూ డేటా, అప్లికేషన్లు, టెక్నాలజీ అనే వరుస ఉండడానికి మూలం ఈ నమ్మకమే.

మీ లక్ష్యానికి అవసరమైనది ఒకే ఒక్క మాట అని నాకు అనిపిస్తోంది. 'కస్టమర్' అంటే మీ సంస్థలో ఎవరు? అమ్మకాల వారికి డబ్బు కట్టినవారు, సర్వీసు వారికి యంత్రం ఉన్న చోట తలుపు తీసేవారు, ఆర్థిక విభాగానికి ఇన్‌వాయిస్ మీద పేరున్నవారు. ఈ ముగ్గురూ ఒక్కరే అయ్యే సందర్భాలు మీరు ఊహించినదానికన్నా తక్కువగా ఉంటాయి.

డేటా_మేస్త్రి

పాత మెయిన్‌ఫ్రేమ్ గారి మాటను బలపరుస్తూనే ఒక హెచ్చరిక చేయాలి. ఆ పద్ధతి సంస్థ మొత్తాన్ని ఒకేసారి చుట్టబెట్టబోయి చాలాచోట్ల కుప్పకూలింది. ఇలాంటి భారీ ప్రణాళికలు వేసుకున్న సంస్థలు వాటిలోని ప్రాజెక్టుల్లో కొన్నింటినే మొదలుపెట్టాయనీ, ప్రణాళికలో లేనివి మరికొన్ని చేపట్టాయనీ 1988లోనే పరిశోధకులు రాశారు. పట్టికను వాడండి, కానీ మీ లక్ష్యం తాకే పనులకే పరిమితం చేయండి. ఇరవై అడ్డ వరుసలు దాటితే ఆపి, ఎందుకు దాటిందో ఆలోచించండి.

లెక్కల_పుస్తకం

మీ ఆర్థిక విభాగాధిపతి కోబిట్‌ను ఊరికే ఎత్తలేదు. ఆడిట్ వైపు ఉన్నవారికి అది ఇచ్చేది లక్ష్యాల మెట్లు. 2019 కూర్పులో వాటాదారుల అవసరాల నుంచి 13 సంస్థాగత లక్ష్యాలు, వాటి నుంచి 13 అలైన్‌మెంట్ (ఐటీని వ్యాపారంతో జతచేసే) లక్ష్యాలు, అక్కడి నుంచి 40 పాలన, నిర్వహణ ఉద్దేశాలు వస్తాయి. వెనుకటి కూర్పులో 'ఐటీ సంబంధిత లక్ష్యాలు' అన్నవాటికే ఇప్పుడు అలైన్‌మెంట్ అని పేరు మార్చారు, దాన్ని బట్టే దృష్టి ఎటు మళ్లిందో అర్థమవుతుంది. ఒక ఖర్చును చూపించి అది ఏ లక్ష్యం కోసమని అడిగితే మెట్టు మెట్టుగా పైకెక్కి సమాధానం చెప్పగలగాలి. ఆ క్రమశిక్షణ టోగాఫ్‌లో ఇంత కచ్చితంగా నాకు కనబడలేదు.

డేటా_మేస్త్రి

పైకెక్కడానికి మెట్లు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కాని కోబిట్ సమాచారాన్ని సరిగా పాలిస్తున్నారా లేదా అని అడుగుతుంది, ఆ సమాచారం ఏ ఆకారంలో ఉండాలో చెప్పదు. మూడు విభాగాలు గారికి ఇప్పుడు కావలసింది ఆ ఆకారమే.

వంతెన

నేను టెక్నాలజీ మనిషిని కాను, సర్వీసు విభాగాన్ని నడుపుతాను, ఇలాంటి రెండు ప్రయత్నాలకు అవతలి పక్క కూర్చున్నాను. మొదటిది ఎందుకు చెడిందో చెబుతాను, ఎందుకంటే అందులో పద్ధతి లోపం ఏమీ లేదు.

అప్పట్లో సంస్థ అంతటికీ ఒకే కస్టమర్ జాబితా ఉండాలని నిర్ణయించారు. మూడు సిస్టమ్‌ల నుంచి పేర్లు తీసుకుని, పోలినవాటిని కలిపి, ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్య, ఒక్కో చిరునామా ఇచ్చారు. పటాల్లో అంతా శుభ్రంగా ఉంది. అద్దె విభాగంలో మాత్రం ఒక్కో కస్టమర్‌కు ఏడెనిమిది పని ప్రదేశాలు ఉండేవి. కొత్త జాబితాలో చిరునామాకు చోటు ఒక్కటే కాబట్టి ప్రధాన కార్యాలయం చిరునామా నిలిచింది, మిగిలినవి పోయాయి. మొదటి వారంలో మా టెక్నీషియన్ పనిముట్ల పెట్టెతో ఆ కార్యాలయం రిసెప్షన్‌లో నలభై నిమిషాలు నిలబడ్డాడు. అక్కడి అమ్మాయి మర్యాదగానే, మా భవనంలో అలాంటి యంత్రమేదీ లేదండి అని చెబుతూ ఉంది. అతను నాకు ఫోన్ చేసినప్పుడు నా తెర మీద కూడా అదే చిరునామా కనబడుతోంది, ఆగిపోయిన యంత్రం ఎక్కడుందో చెప్పగలిగేవారు మా దగ్గర ఒక్కరూ లేరు.

ఆ నిర్ణయం తీసుకున్న సమావేశానికి సర్వీసు విభాగాన్ని పిలవలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ విషయమే.

గడులూ_గీతలూ

వంతెన గారు చెప్పింది ప్రతి ఆర్కిటెక్ట్ చదవాలి. జాక్‌మన్ పట్టికలో 'ఎక్కడ' అనే వరుస ఉన్నది అలంకారానికి కాదు, ఆ జాబితా చేసినవారు దాన్ని దాటేసి వెళ్లారు.

పాత_మెయిన్‌ఫ్రేమ్

అంతకన్నా ముందు ఆ సంస్థకు ఒకే జాబితా అవసరమా అన్న ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. జీన్ రాస్, పీటర్ వైల్, డేవిడ్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకులు 2006లో దీని మీద స్పష్టమైన మాట చెప్పారు. రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. విభాగాలు ఒకరి సమాచారాన్ని ఒకరు ఎంతగా పంచుకోవాలి? విభాగాలు ఒకే రకంగా ఎంతగా పనిచేయాలి? రెండూ ఎక్కువైతే ఏకీకరణ, రెండూ తక్కువైతే వైవిధ్యం. పంచుకోవడం ఎక్కువై పని తీరు ఎవరిది వారికే ఉంటే సమన్వయం. పని తీరు ఒకటే అయినా ఒకరి సమాచారం మరొకరికి అవసరం లేకపోతే అనుకరణ, అంటే ఒకే నమూనాతో నడిచే వేర్వేరు శాఖలు.

మూడు విభాగాలు గారి సంస్థకు, నేను ఇక్కడి నుంచి చూసినంతలో, సమన్వయం సరిపోతుంది. అమ్మకాలు, అద్దె, సర్వీసు ఎవరి పని వారు చేసుకుంటారు, కాని ఒకే యంత్రం గురించి ముగ్గురికీ ఒకే నిజం తెలియాలి. అలాంటప్పుడు మూడు సిస్టమ్‌లను ఒకటి చేసే పనికి కోట్లు పోయనక్కరలేదు.

దశ_దిశ

ఇది ఒప్పుకుంటున్నాను, నా అనుభవంలోనూ ఈ ప్రశ్నను 'ఏ' దశకు ముందే తేల్చుకున్నచోట పని సాఫీగా సాగింది. తేల్చుకోనిచోట సీ దశకు వచ్చాక అదే గొడవ డేటా నమూనా రూపంలో మళ్లీ లేచింది, అప్పటికి దాన్ని తీర్చే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు.

కడవరకు_కోడ్

మెల్విన్ కాన్వే 1968లో రాసిన మాటను కూడా కలుపుకోవాలి: ఒక సంస్థ రూపొందించే వ్యవస్థ, ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారన్నదానికి నకలుగా తయారవుతుంది. మూడు విభాగాలు మాట్లాడుకోకపోతే మూడు సిస్టమ్‌లు మాట్లాడుకోవు. నేను పైన కటువుగా రాసినా, పత్రాల మీద నాకు పగ లేదు. మాట్లాడుకోవలసిన ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పత్రమైతే దానికోసం నేనే పని ఆపి వస్తాను.

లెక్కల_పుస్తకం

ఇక్కడ అందరూ వ్యాపారం ముందు నడుస్తుంది, టెక్నాలజీ వెంట వస్తుంది అన్నట్టు మాట్లాడుతున్నారు. హెండర్సన్, వెంకట్రామన్ అనే పరిశోధకులు 1993లో ప్రతిపాదించిన నమూనాలో నాలుగు క్షేత్రాలు ఉన్నాయి: వ్యాపార వ్యూహం, ఐటీ వ్యూహం, సంస్థ లోపలి పనుల నిర్మాణం, ఐటీ లోపలి నిర్మాణం. వాటి మధ్య వారు చూపిన నాలుగు దారుల్లో రెండు ఐటీ వ్యూహం నుంచే మొదలవుతాయి. యంత్రాలు తమ స్థితిని తామే పంపే రోజులివి, ఆ సమాచారం చేతికొస్తే సర్వీసు ఒప్పందం అనే వస్తువే మారిపోవచ్చు. ఈ రోజు ఉన్న లక్ష్యానికి అంగుళం తేడా లేకుండా కుట్టిన చొక్కా రేపు బిగుతైపోతుంది.

వంతెన

రేపటి సంగతి నిజమే కాని, మా దగ్గర రెండో ప్రయత్నం నిలబడింది చిన్నది కావడం వల్లే. ఒక లక్ష్యం, ఒక గోడ, ఆ గోడకు అంటించిన పట్టిక, దాని ముందు రెండు రోజులు నిలబడి వాదించుకున్న ఏడుగురం. ఆ ఏడుగురిలో నలుగురు వ్యాపారం వైపు వాళ్లం. ప్రతి నిలువు వరుసకు పైన ఒక మనిషి పేరు రాయాలని నియమం పెట్టుకున్నాం. విభాగం పేరు రాస్తే ఒప్పుకోలేదు. పేరు రాయలేని వరుస దగ్గర ఆగిపోయాం, ఉన్నతాధికారి వచ్చి రాసేదాకా ముందుకు పోలేదు.

డేటా_మేస్త్రి

పేరు రాయడం అనే ఆ నియమం దగ్గరే నా అనుభవంలో సగం పని అయిపోతుంది. గోడ మీద తేలినదాన్ని తరువాత ఆర్కిమేట్ అనే గుర్తుల భాషలో బొమ్మగా మార్చుకోవచ్చు. 2016 నాటి మూడో కూర్పు నుంచి అందులో కేపబిలిటీలను (సంస్థ సామర్థ్యాలను), వ్యూహాన్ని చూపే గుర్తులు కూడా ఉన్నాయి కాబట్టి లక్ష్యం నుంచి సర్వర్ దాకా ఒకే బొమ్మలో గీత లాగవచ్చు. బొమ్మతో మొదలుపెట్టకండి, అంతే.

మూడు_విభాగాలు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మీలో చాలామంది సమయం వెచ్చించి రాశారు, జరిగింది చెప్పకపోతే తప్పవుతుంది.

వంతెన గారు చెప్పినట్టే గోడకు కాగితం అంటించాం. ఒప్పందం పునరుద్ధరణను తాకే పనులు పదిహేడు తేలాయి. నిలువు వరుసల్లో కస్టమర్, యంత్రం, ఒప్పందం, యంత్రం ఉన్న చోటు, సర్వీసు చరిత్ర, బకాయి అని రాసుకున్నాం. పుట్టించే పనికి ఎర్ర చుక్క, చదివే పనికి నీలం చుక్క. కస్టమర్ వరుసలో మూడు ఎర్ర చుక్కలు పడ్డాయి, అది ఊహించినదే, పాత మెయిన్‌ఫ్రేమ్ గారు ముందే చెప్పారు. అందరం మౌనంగా ఉండిపోయింది 'యంత్రం ఉన్న చోటు' అనే వరుస దగ్గర. అందులో ఆరు నీలం చుక్కలు ఉన్నాయి, ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. ఆరు పనులు చదువుకుంటున్న సమాచారాన్ని ఎవరూ పుట్టించడం లేదు. అందరూ చదువుతున్నది కొనుగోలు నాటి డెలివరీ చిరునామా. యంత్రం ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లినప్పుడు ఆ సంగతి తెలిసేది టెక్నీషియన్‌కు ఒక్కడికే, అతను దాన్ని పని నివేదికలోని రిమార్కుల గడిలో తన మాటల్లో రాస్తున్నాడు.

గడువు తీరుతోందని మేము పంపే ఉత్తరాలు, ఆ యంత్రం రెండేళ్లుగా లేని చోటికి వెళ్తున్నాయి. కస్టమర్లు వద్దనుకుంటున్నారని ఇన్నాళ్లూ లెక్క రాసుకున్నవారిలో ఎంతమందికి అసలు ఉత్తరం చేరిందో మాకు తెలియదు. యాజమాన్యం ఈ ఏడాది పునరుద్ధరణల కోసం ఒక కొత్త సాఫ్ట్‌వేర్ కొనబోయింది. అది కూడా ఇవే చిరునామాలకు, ఇంకా వేగంగా, ఇంకా అందమైన ఉత్తరాలు పంపేది. ఆ కాగితం ముందు నిలబడి మా ఆర్థిక విభాగాధిపతి కొనుగోలును వాయిదా వేశారు. వరుస పైన సర్వీసు అధిపతి తన పేరు తానే రాసుకున్నారు. టెక్నీషియన్ల మొబైల్ యాప్‌లో చోటుకు వేరే గడి పెడుతున్నాం. మూడు సిస్టమ్‌లు అలాగే ఉంటాయి, యంత్రం సంఖ్య మీద మాత్రమే కలుస్తాయి. కోబిట్ మెట్లను, ఈ ఖర్చు ఏ లక్ష్యానికి చేరుతుందో చూపడానికి రెండు పేజీల్లో వాడాం, ఆ రెండు పేజీలే యాజమాన్యం పూర్తిగా చదివింది. టోగాఫ్ నుంచి ప్రస్తుతానికి వలస ప్రణాళిక దశను మాత్రమే తీసుకున్నాం.

ఒక్క చిక్కు మిగిలింది. రిమార్కుల గడుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న రాతను ఎలా శుభ్రం చేయాలి?

దశ_దిశ

ఎఫ్ దశను ఒంటరిగా తీసుకున్నారని కొందరు పెద్దలు కోప్పడవచ్చు, నాకైతే సంతోషంగా ఉంది.

కడవరకు_కోడ్

మొత్తం శుభ్రం చేయబోకండి. రాబోయే మూడు నెలల్లో గడువు తీరే ఒప్పందాలను వేరు చేయండి, వాటికి సంబంధించిన చివరి రెండు నివేదికలనే మనుషుల చేత చదివించండి. మిగిలిన యంత్రాలకు, టెక్నీషియన్ తరువాతిసారి వెళ్లినప్పుడు యాప్ చోటును అడిగి నిర్ధారించుకునేదాకా, 'నిర్ధారణ కాలేదు' అని కనబడేలా ఉంచండి. పాత చిరునామాను నిజమైనట్టు మాత్రం చూపించవద్దు.

వంతెన

ఆ గడి నింపడానికి టెక్నీషియన్‌కు ఎంత సేపు పడుతుందో ఒకసారి మీరే వారి వెంట వెళ్లి చూడండి. చేతికి గ్రీజు ఉన్నప్పుడు నాలుగు మెనూలు దాటి వెళ్లాల్సి వస్తే వారు మళ్లీ రిమార్కుల్లోనే రాస్తారు.

మూడు_విభాగాలు

గురువారం ఇద్దరు టెక్నీషియన్లతో వెళ్తున్నాను. గడి ప్రస్తుతం మూడో తెరలో ఉంది, దాన్ని పని ముగించే బటన్ పక్కకు తెమ్మని ఈ రోజే చెప్పాను.